నిలవని వలిప్పు: మూడు వేల ఏండ్ల చరిత్ర, మన ఇండ్ల సంగతి



మన సాత్తూరు, కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు తెలుగిండ్లలో ఈ జబ్బుకు పేర్లు చాలా. ఇంట్లో మూర్ఛ అంటాం. వీధిలోకి వస్తే తమిళంలో వలిప్పు అంటాం. ఆస్పత్రి గడప తొక్కితే ఫిట్స్ అంటాం. పెద్దవాళ్ళు 'కాక్కా వలిప్పు' అంటారు. ఆ మాటలో కాకి ఉందని చాలామంది నమ్మకం. నిజానికి అది 'కాల్ కై వలిప్పు', అంటే కాళ్ళూ చేతులూ ఈడ్చుకుపోవడం. నోళ్ళలో నలిగి నలిగి 'కాల్ కై' కాస్తా 'కాక్కా' అయింది. లేని కాకి ఒకటి వచ్చి ఈ జబ్బు మీద వాలింది. ఈ జబ్బు చరిత్రంతా ఇలాగే ఉంటుంది. జబ్బు ఒకచోట, మన భయం ఇంకోచోట.

ఈసారి రాయబోయేది మామూలు వలిప్పు గురించి కాదు. మామూలుగా వచ్చే ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో తనంతట తానే ఆగిపోతుంది. ఆ తర్వాత మనిషి కాసేపు మత్తుగా పడుకొని లేస్తాడు. కొన్నిసార్లు అలా ఆగదు. అయిదు నిమిషాలు దాటినా కొట్టుకుంటూనే ఉంటుంది. లేదా ఒకటి ఆగి, తెలివి రాకముందే ఇంకొకటి మొదలవుతుంది. దీన్ని వైద్యులు స్టేటస్ ఎపిలెప్టికస్ అంటారు. మనం నిలవని వలిప్పు అందాం. ఇది ప్రాణం తీసే అత్యవసరం. గుండెపోటుకు ఎంత తొందరపడతామో దీనికీ అంతే తొందరపడాలి.

ఇది కొత్తగా వచ్చిన జబ్బు కాదు. మూడు వేల ఏండ్ల క్రితం బాబిలోనియాలో మట్టి పలకల మీద రాసిన వైద్యగ్రంథం ఒకటుంది. పేరు సకిక్కు. అందులో మూర్ఛకని విడిగా ఒక పలక ఉంది. దయ్యం పట్టడం వల్లే మూర్ఛ వస్తుందని వాళ్ళ నమ్మకం. అయినా చూసింది చూసినట్టు రాశారు. మూర్ఛ ఒకసారి వచ్చి పోతే ఒక తీరు, వెంటవెంటనే చాలాసార్లు వస్తే ఆ మనిషి బతకడం కష్టం అని రాశారు. కారణం తప్పుగా అనుకున్నా, ఆగకపోతే ప్రమాదమన్న సంగతి వాళ్ళకు తెలుసు.

మన దేశంలో చరక సంహిత దీన్ని అపస్మారం అంది. అంటే స్మృతి తప్పడం. వాత, పిత్త, కఫాల వల్ల మూడు, అన్నీ కలిసినప్పుడు ఒకటి, మొత్తం నాలుగు రకాలు చెప్పింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. దయ్యం అని వదిలేయకుండా, ఒంట్లో పుట్టే జబ్బుగా చూసి మందు చెప్పింది.

చిదంబరం వెళ్ళినవాళ్ళందరూ నటరాజస్వామి పాదం కింద ఉన్న మరుగుజ్జును చూసే ఉంటారు. సంస్కృతంలో అతని పేరు అపస్మార పురుషుడు, తమిళంలో ముయలకన్. పాత తమిళంలో మూర్ఛజబ్బుకు కూడా ముయలకన్ అనే పేరు. 12వ శతాబ్దంలో సేక్కిళార్ రాసిన పెరియపురాణంలో దీని మీద ఒక కథ ఉంది. కొల్లి మళవన్ అనే సామంతుడి కూతురికి ముయలకన్ పట్టింది. వైద్యాలన్నీ చేయించి, చివరికి ఆ బిడ్డను తిరుచ్చి దగ్గర తిరువాసి గుడికి తెచ్చి స్వామి ఎదుట పడుకోబెట్టాడు. జ్ఞానసంబంధర్ పతికం పాడగా జబ్బు నయమైందని కథ. మహిమను నమ్మేవాళ్ళు నమ్మొచ్చు. మేము చూసేది తండ్రిని. అంత పెద్ద మనిషి, పెండ్లి కావలసిన కూతురి జబ్బును నలుగురూ చూసే గుడి మండపంలోకి తెచ్చాడు. దాచిపెట్టలేదు. ఈ కథ మాకు మళ్ళీ అవసరమవుతుంది.

ఇక ఐరోపాకు వస్తే, పారిస్ ఆస్పత్రుల్లో ఏండ్ల తరబడి ఉండే మూర్ఛరోగులు తమలో తాము ఒక మాట వాడుకునేవాళ్ళు. మామూలు మూర్ఛ వేరు, వదలకుండా పట్టే స్థితి వేరు అని. 1824లో కల్మెయ్ అనే వైద్యుడు తన సిద్ధాంత గ్రంథంలో ఆ మాటను ఎక్కించాడు. ఇవాళ్టి స్టేటస్ ఎపిలెప్టికస్ అనే పేరు దాని లాటిన్ రూపమే. పేరు పెట్టింది వైద్యులు కారు, ఆ బాధ పడ్డవాళ్ళు. కొన్ని దశాబ్దాల తర్వాత బూర్న్‌విల్ అనే వైద్యుడు ఇలాంటి రోగుల జ్వరం పట్టీలు రాసి, మూర్ఛ సాగేకొద్దీ ఒంటి వేడి ఎలా పెరుగుతుందో చూపించాడు. మెదడుతో ఆగకుండా ఒళ్ళంతా దెబ్బతింటుందని అప్పుడు తెలిసింది.

మందుల చరిత్ర అంత పాతది కాదు. 1857లో లండన్‌లో లోకాక్ బ్రోమైడ్ గురించి చెప్పాడు. పనిచేసేది, కానీ మనిషిని మొద్దుబార్చేది. 1912లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ అనే యువవైద్యుడు, నిద్రకు ఇచ్చే ఫినోబార్బిటాల్ వాడిన రోగులకు ఫిట్స్ తగ్గడం గమనించాడు. మన మందుల షాపుల్లో గార్డినాల్ అని అడిగేది అదే. 1938లో అమెరికాలోని బోస్టన్‌లో మెరిట్, పట్నమ్ ఫెనిటాయిన్‌ను తెచ్చారు. మనకు ఎప్టాయిన్ అంటే తెలుస్తుంది. 1965లో ఫ్రాన్సులోని మార్సెయ్‌లో గాస్టో బృందం, రక్తనాళంలోకి డయాజెపామ్ ఎక్కిస్తే నిలవని వలిప్పు నిమిషాల్లో నిలుస్తుందని చూపించింది. మూడు వేల ఏండ్లుగా ఆపలేనిదాన్ని ఒక సూదితో ఆపే కాలం అలా వచ్చింది.

ఆ తర్వాత లెక్కంతా గడియారం మీదికి వచ్చింది. ఒకప్పుడు పాఠ్యపుస్తకాల్లో 30 నిమిషాలు దాటితేనే స్టేటస్ అని రాసేవారు. 1999లో అమెరికా వైద్యులు కొందరు అంతసేపు చూస్తూ కూర్చోవడం తప్పని, 5 నిమిషాలకే వైద్యం మొదలుపెట్టాలని రాశారు. 2015లో మూర్ఛజబ్బు మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం దీన్ని ఖాయం చేసింది. కాళ్ళూ చేతులూ కొట్టుకునే రకానికి రెండు గడువులు పెట్టింది. 5 నిమిషాలు దాటితే అది తనంతట ఆగే అవకాశం తక్కువ, మందు ఇవ్వాలి. 30 నిమిషాలు దాటితే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు.

ఎందుకు ఆగదు? మెదడు కణాల మీద, ఆవేశాన్ని తగ్గించే సంకేతాలు అందుకునే తలుపుల్లాంటివి ఉంటాయి. డయాజెపామ్, లోరాజెపామ్, మిడాజోలం పనిచేసేది ఆ తలుపుల దగ్గరే. మూర్ఛ సాగేకొద్దీ ఆ తలుపులు కణం లోపలికి ముడుచుకుపోతాయి. రెచ్చగొట్టే తలుపులేమో ఎక్కువవుతాయి. పదో నిమిషంలో ఒక సూదికి లొంగేది గంట తర్వాత నాలుగు మందులకూ లొంగకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఆలస్యమైతే జబ్బు ముదరడమే కాదు, మందు పనిచేసే చోటే తగ్గిపోతుంది.

ఈ సంగతి తెలిశాక మందును ఆస్పత్రి నుంచి రోడ్డు మీదికి తెచ్చారు. 2001లో శాన్‌ఫ్రాన్సిస్కో అంబులెన్సుల్లో జరిగిన పరిశోధనలో, లోరాజెపామ్ ఇచ్చినవాళ్ళలో నూటికి 59 మందికి ఆస్పత్రి చేరేలోపే మూర్ఛ ఆగింది. మందులేని సూది ఇచ్చినవాళ్ళలో 21 మందికే ఆగింది. 2012లో ఇంకో పెద్ద పరిశోధన వచ్చింది. కొట్టుకుంటున్న మనిషికి రక్తనాళం దొరకడం కష్టం కదా. కండలోకి మిడాజోలం సూది వేస్తే నూటికి 73 మందికి, నాళంలోకి లోరాజెపామ్ ఎక్కిస్తే 63 మందికి దారిలోనే ఆగింది. కండ సూది త్వరగా వేయొచ్చు. గెలిపించింది ఆ త్వరే.

మన వైపు కథకు వద్దాం. 1949లో వేలూరు సీఎంసీలో జాకబ్ చాందీ దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది మద్రాసు జనరల్ ఆస్పత్రిలో బి. రామమూర్తి మొదలుపెట్టారు. మదురైలో వైద్య కళాశాల 1954లో వచ్చింది. అప్పటి మన ఊళ్ళవాళ్ళకు మదురై అంటే 70 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. బండి కట్టి, బస్సు కోసమో రైలు కోసమో కాచుకొని పోవాలి. 30 నిమిషాల గడువు సాత్తూరు దాటకముందే అయిపోయేది. అందుకే చేతిలో తాళంచెవి పెట్టడం, ఇనపముక్క పట్టించడం, ఉల్లిపాయ వాసన చూపించడం మన ఇండ్లలో పాతుకుపోయాయి. మామూలు వలిప్పు రెండు నిమిషాల్లో ఎలాగూ ఆగుతుంది. ఆగినప్పుడు చేతిలో తాళంచెవి ఉంది కాబట్టి పేరు దానికి పోయింది. ఆగని వలిప్పు వచ్చిన నాడు అదే తాళంచెవి ప్రాణం తీసింది. ఇనుమును నమ్ముకొని కూర్చున్నంతసేపూ గడియారం తిరిగింది.

ఇవాళ దారి మారింది. అంబులెన్సు 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. 2008లో తమిళనాడుకు వచ్చింది. మన తాతముత్తాతలు ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచి వచ్చారు. ఇప్పుడు 44వ నెంబరు జాతీయ రహదారి హైదరాబాదు, కర్నూలు, అనంతపురం దాటి మదురై మీదుగా మన సాత్తూరును తాకి కోవిల్‌పట్టికి పోతుంది. ఆ దారిన మన దాకా వచ్చిన మంచిపనుల్లో 108 ఒకటి. విరుదునగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరిలో మొదలైంది. సాత్తూరు నుంచి అది అరగంట దారి. దూరం అనే సాకు మనకిక చాలావరకు లేదు.

నిలవని వలిప్పు పెద్దవాళ్ళకు ఎందుకు వస్తుంది? హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ జె.ఎం.కె. మూర్తి, ఆయన సహచరులు మన వంటి దేశాల్లో ఈ జబ్బు తీరు ఎలా ఉంటుందో పరిశీలించి 2007లో ఎపిలెప్సియా అనే అంతర్జాతీయ పత్రికలో రాశారు. ధనిక దేశాల్లో పక్షవాతం, మందులు మానడం ముందు వరుసలో ఉంటాయి. మన దేశాల్లో వాటితోపాటు మెదడుకు సోకే జబ్బులు ఎక్కువ: మెదడు జ్వరం, క్షయ వల్ల మెదడు పొరల వాపు, పురుగు తిత్తులు. వేలూరు జిల్లాలో జరిగిన సర్వేలో, ఫిట్స్ ఉన్నవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి కారణం మెదడులోని పురుగు తిత్తులే అని తేలింది. ఇది పందిమాంసం తినేవాళ్ళకే అనుకోవద్దు. తిత్తులు మెదడుకు చేరేది పురుగు గుడ్ల వల్ల. ఆ గుడ్లు కడుపులో పురుగున్న మనిషి మలంతో బయటికొచ్చి, కడగని కూరల మీదుగా, కడగని చేతుల మీదుగా వస్తాయి. పచ్చి శాకాహారికీ రావచ్చు.

ఇంకా ఉన్నాయి. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో రావచ్చు. రక్తంలో చక్కెర బాగా పడిపోయినా, బాగా పెరిగినా, ఉప్పు తగ్గినా రావచ్చు. తలకు దెబ్బ, మెదడులో గడ్డ, పక్షవాతం కారణం కావచ్చు. పత్తికి కొట్టే కొన్ని పురుగుమందులు ఒంట్లోకి పోయినా, కర్పూరం మింగినా వస్తుంది. మన కరిసల్ నేలలో పత్తి పండించే ఇండ్లవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. గర్భిణికి రక్తపోటు పెరిగి వచ్చే వలిప్పుకు మందు వేరు. దానికి మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వాలి. ఏ జబ్బూ లేని పడుచు మనిషికి హఠాత్తుగా వచ్చి, ఎన్ని మందులకూ లొంగని రకం కూడా ఉంది. వాటిలో కొన్ని, ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేయడం వల్ల వస్తాయని 2007 తర్వాత బాగా తెలిసింది. మాటా నడతా మారి తర్వాత ఫిట్స్ వస్తే మనవాళ్ళు పేయి పట్టిందంటారు. వాళ్ళలో కొందరు సరైన వైద్యంతో తిరిగి మామూలు మనుషులయ్యారు.

ఆస్పత్రిలో వైద్యం మెట్లుమెట్లుగా నడుస్తుంది. మొదట లోరాజెపామ్ లేదా మిడాజోలం. దానికి ఆగకపోతే లెవెటిరాసెటామ్, వాల్‌ప్రోయేట్, ఫాస్‌ఫెనిటాయిన్‌లలో ఒకటి. ఈ మూడింటినీ పోల్చిన పరిశోధన 2019లో వచ్చింది. మూడూ దాదాపు సమానమే, ఏది ఇచ్చినా సగం మందికి కాస్త తక్కువగా ఆగింది. అప్పటికీ ఆగకపోతే మనిషిని పూర్తి మత్తులో ఉంచి, వెంటిలేటర్ మీద పెట్టి, తలకు తీగలు అంటించి ఈఈజీలో మెదడును చూస్తూ ఉంటారు. ఈ చివరిది ఎందుకంటే, పైకి కొట్టుకోవడం ఆగినా లోపల మెదడులో మూర్ఛ సాగుతూ ఉండవచ్చు. "ఆగిపోయిందిగా, ఇంటికి తీసుకుపోతాం" అని తొందరపడకూడదు.

ఫలితం మూడింటి మీద ఆధారపడుతుంది: కారణం, వయసు, ఎంతసేపు సాగింది. పెద్దవాళ్ళలో నిలవని వలిప్పు వస్తే అయిదుగురిలో ఒకరు చనిపోతారని సుమారు లెక్క. మందులకు లొంగని రకమైతే ఇంకా ఎక్కువ. గుండె ఆగి మెదడుకు ప్రాణవాయువు అందక వచ్చినదానికి ఫలితం అన్నిటికన్నా చెడ్డది. మొదటి రెండూ మన చేతిలో లేవు. మూడోది చాలావరకు మన చేతిలోనే ఉంది.

మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఒకటుంది. ముందే మూర్ఛజబ్బు ఉన్నవాళ్ళకు నిలవని వలిప్పు రావడానికి ముఖ్య కారణం మాత్రలు మానడం. ఈ కారణంతో వచ్చినదైతే, త్వరగా వైద్యం అందితే కోలుకునే అవకాశం కూడా ఎక్కువే. అంటే ఈ చావుల్లో చాలావరకు ఆపగలిగినవి. మరి మాత్రలు ఎందుకు మానతారు? ఖరీదు వల్ల అనుకుంటాం. గార్డినాల్, ఎప్టాయిన్ ఖరీదైనవి కావు. కర్ణాటకలోని యళందూరులో డాక్టర్ కె.ఎస్. మణి బృందం ఈ చౌక మందులతోనే పల్లెల్లో మూర్ఛను అదుపు చేయొచ్చని చూపించి 2001లో లాన్సెట్‌లో రాసింది. సరిగా మందు వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

మన ఇండ్లలో మాత్ర ఆగేది ఎక్కువగా పెండ్లి దగ్గర. అమ్మాయికి ఫిట్స్ ఉన్నట్టు చెబితే సంబంధం కుదరదని దాస్తాం. పెండ్లయ్యాక అత్తగారింట మాత్ర మింగితే బయటపడుతుందని ఆ బిడ్డ మానేస్తుంది. పెండ్లి పనుల్లో నిద్ర లేదు, కొత్త చోట తిండి సరిగా లేదు. మాత్ర, నిద్ర, తిండి మూడూ ఒకేసారి తప్పితే మెదడు ఊరుకోదు. వలిప్పు వచ్చిన రాత్రి చుట్టూ ఉన్నవాళ్ళకు అదేమిటో తెలియదు, ఏం చేయాలో తెలియదు, ఏ మాత్రలు వాడుతుందో డాక్టరుకు చెప్పగలిగేవాళ్ళు లేరు. అబ్బాయిల విషయంలోనూ దాస్తాం, కానీ ఈ బరువు ఎక్కువగా ఆడబిడ్డల మీదే పడుతుంది.

ఈ భయానికి ఒకప్పుడు చట్టం కూడా తోడుంది. 1976 సవరణతో హిందూ వివాహ చట్టం 5వ సెక్షన్‌లో, మళ్ళీమళ్ళీ వచ్చే పిచ్చి, మూర్ఛ రెండూ ఒకే వరుసలో పెండ్లికి అడ్డంకులుగా చేరాయి. 1999లో పార్లమెంటు మూర్ఛ అనే మాటను తీసేసింది. చట్టం దిగి పాతికేండ్లు దాటింది, మనం ఇంకా దిగలేదు. ఇంకో సంగతి. ముఖ్యమైన విషయాన్ని దాచి మోసంతో చేసిన పెండ్లిని రద్దు చేయమని కోర్టును అడిగే వీలు 12వ సెక్షన్‌లో ఉంది. అంటే చట్టం ముందు ఇవాళ ప్రమాదం జబ్బుతో కాదు, దాచడంతో. ముందే చెబితే ఇంకో మేలు కూడా ఉంది. వాల్‌ప్రోయేట్ వంటి కొన్ని మందులు కడుపులోని బిడ్డకు మంచివి కావు. పెండ్లికి ముందే డాక్టరుతో మాట్లాడితే మందు మార్చుకునే సమయం దొరుకుతుంది.

దాచడం ఎక్కడిదాకా పోతుందో మన పక్కనే చూశాం. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు 28 మంది మంటల్లో చనిపోయారు. 1985 దాకా మన విరుదునగర్ కూడా ఆ జిల్లాలో భాగమే. అవి మూర్ఛజబ్బుకు కట్టిన గొలుసులు కాకపోవచ్చు. కానీ జబ్బు మనిషిని ఇంట్లోవాళ్ళే కంటికి కనబడకుండా దూరంగా పెట్టే అలవాటు ఒక్కటే. కొల్లి మళవన్ తన కూతురిని నలుగురి ముందుకు తెచ్చాడు. ఇన్ని మందులు వచ్చాక మనం వెనక్కి పోతున్నాం.

ఇరుక్కన్‌కుడి మారియమ్మకు మొక్కుకోవద్దని మేము చెప్పం. మొక్కు చెల్లించే రోజున కూడా మాత్ర వేసుకోవాలి, ఉపవాసం ఉంటే డాక్టరును అడిగి ఉండాలి, అంతే.

సభ్యులందరూ ఇంట్లో చెప్పవలసినవి ఇవి:

1. వలిప్పు మొదలవగానే గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్ళీ వచ్చినా 108కి ఫోను చేయండి. మొదటిసారి వచ్చినా, గర్భిణికి వచ్చినా, నీళ్ళలో వచ్చినా, తలకు దెబ్బ తగిలినా నిమిషాలు లెక్కపెట్టకుండానే చేయండి.

2. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. నోట్లో చెంచా, వేలు, నీళ్ళు ఏదీ వద్దు. గట్టిగా అదిమి పట్టుకోవద్దు. చేతిలో ఇనుము పెట్టే సమయంలో ఫోను చేయండి.

3. ముక్కులో కొట్టే మిడాజోలం స్ప్రే మన దేశంలో దొరుకుతుంది. మీ ఇంట్లో ఫిట్స్ ఉన్నవాళ్ళుంటే అది అవసరమా, ఎంత, ఎప్పుడు వాడాలి అని డాక్టరును అడిగి తెలుసుకోండి.

4. వాడుతున్న మాత్రల పేర్లు ఒక చీటీ మీద రాసి పర్సులో ఉంచండి. డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా మానవద్దు. వేరే ఊరు పోతే మాత్రలు పట్టుకునే పోండి.

5. సంబంధం మాట్లాడేటప్పుడు జాతకంతోపాటు ఈ విషయం కూడా చెప్పండి. వినేవాళ్ళు కూడా జాతకం విన్నంత నెమ్మదిగా వినండి.

అయిదోదానికి మన సంఘం పెద్దలు ముందుకు రావాలి. సంబంధాలు చూసే మన పుస్తకంలో ఎత్తు రాస్తాం, చదువు రాస్తాం, నక్షత్రం రాస్తాం. ఫిట్స్ ఉందని తల్లిదండ్రులు చెప్పిన బిడ్డకు సంఘమే మాట సాయం చేసి, నిజం చెప్పినందుకు సంబంధం తప్పిపోకుండా నిలబడాలి. ఒక్క పెండ్లి అలా జరిగితే, రెండో ఇంటివాళ్ళకు దాచవలసిన పని ఉండదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని చర్చకు పెట్టాలని మా కోరిక. మీ ఇంటి అనుభవాలు పేర్లు లేకుండా రాయండి. ఎవరి పేరూ బయటికి రాకుండా చూసుకుంటాం.